హుస్సేన్‌సాగర్‌లో తెరచాపల కాలం
వానగాలితో ఊపందుకునే సెయిలింగ్ పందేలు. నీటి శుభ్రతపైనే క్రీడ మనుగడ

హైదరాబాద్: నైరుతి రుతుపవనాలు నగరాన్ని తాకగానే సామాన్య జనం గొడుగులు వెదుక్కుంటే, హుస్సేన్‌సాగర్ ఉత్తరపు ఒడ్డున సంజీవయ్య పార్కు పరిసరాల్లో కొందరు తెరచాపలు విప్పుతారు. మైదాన క్రీడలకు ఆటంకమయ్యే వానాకాలమే సెయిలింగ్‌కు అసలైన అదను. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడమటి దిక్కు నుంచి వీచే గాలి ఈ క్రీడకు పెట్టుబడి వంటిది. గాలి ఉండగానే తూర్పారబట్టుకోవాలని రైతులు అనే మాట సెయిలింగ్ క్లబ్బులకు అక్షరాలా వర్తిస్తుంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరంలో ఈ క్రీడ ఎలా నిలదొక్కుకుంది, ఏడాది పొడవునా క్లబ్బుల్లో ఏం జరుగుతుంది, పందెం ఎలా సాగుతుంది, ఎదురవుతున్న చిక్కులేమిటి అన్న వివరాలివి.

సరస్సు, సంఘాలు

కుతుబ్‌షాహీల కాలంలో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో 16వ శతాబ్దంలో హుస్సేన్‌సాగర్ నిర్మాణం జరిగింది. మూసీ ఉపనదిపై కట్ట వేసి నీటిని నిలిపారు. ఆ కట్టే నేటి ట్యాంక్‌బండ్. తూర్పున ట్యాంక్‌బండ్, పడమట నెక్లెస్ రోడ్డు, దక్షిణాన లుంబినీ పార్కు, ఉత్తరాన సంజీవయ్య పార్కు ఈ సరస్సుకు హద్దులు. 1990లో నీట మునిగి, 1992లో వెలికితీసి ప్రతిష్ఠించిన బుద్ధ విగ్రహం నడుమ నిలిచి ఉంది.

నగరంలో సెయిలింగ్‌కు పునాది వేసింది సైన్యమే. సికింద్రాబాద్‌లోని మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్‌కు అనుబంధంగా 1971లో ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఏర్పడింది. మూడు దశాబ్దాలకు పైగా సాగుతున్న హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలకు ఈ సంస్థ ఆతిథ్యమిస్తోంది. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ కూడా ఈ నీటిపైనే శిక్షణ నిర్వహిస్తుంది. పౌరుల చొరవతో 2009లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఏర్పడటంతో సైనిక కుటుంబాలకు వెలుపల ఉన్న పిల్లలకు కూడా ఈ క్రీడ దగ్గరయింది. ఆ క్లబ్ వానాకాలంలో మాన్‌సూన్ రెగట్టా పేరిట యువ క్రీడాకారులకు పోటీలు జరుపుతుంది. రెగట్టా అంటే కొన్ని రోజుల పాటు వరుసగా సాగే పడవ పందేల పోటీ. దేశ స్థాయిలో యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఈ క్రీడను పర్యవేక్షిస్తుంది.

గాలిని బట్టి క్యాలెండర్

సెయిలింగ్ క్లబ్బు కార్యక్రమాలకు గాలే పంచాంగం. వేసవి సెలవుల్లో కొత్తవారికి శిక్షణ సాగుతుంది. ఈత పరీక్ష, లైఫ్ జాకెట్ ధరించడం, ముడులు వేయడం, బోల్తా పడిన పడవను తిరిగి నిలబెట్టడం తొలి పాఠాలు. అప్పటి గాలి నిలకడ లేనిదైనా, నేర్చుకునేవారికి తేలికపాటి గాలే మేలు. జూన్‌లో తొలి వానలతో సాధన జోరందుకుంటుంది. జులై, ఆగస్టు పెద్ద పోటీల నెలలు. వినాయక చవితి సమీపించేసరికి ట్యాంక్‌బండ్ మీదికి క్రేన్లు వస్తాయి; సరస్సు నిమజ్జనానికి సిద్ధమవుతుంది. చలికాలంలో గాలి మందగిస్తుంది. అప్పుడు క్రీడాకారులు ముంబయి, చెన్నై వంటి తీర నగరాల పోటీలకు తరలివెళతారు.

హుస్సేన్‌సాగర్ గాలికి ఒక ప్రత్యేకత ఉంది. సముద్రంపై గాలి చాలా దూరం అడ్డులేకుండా వస్తుంది. ఇక్కడ అది భవనాలు, చెట్లు, ఎత్తుపల్లాలు దాటి సరస్సుపైకి దిగుతుంది. అందువల్ల నిమిష నిమిషానికి దిశ, వేగం మారుతుంటాయి. నీటిపై నల్లగా కదిలే ముడతలను చూసి గాలి ఎటు నుంచి వస్తోందో క్రీడాకారుడు ముందే పసిగట్టాలి. ఇక్కడ నేర్చినవారికి చూపు పదునెక్కడానికి కారణమిదే.

ఏ పడవ ఎవరికి

చిన్నారుల పడవ పేరు ఆప్టిమిస్ట్. అమెరికాలోని ఫ్లోరిడాలో 1947లో క్లార్క్ మిల్స్ దీనిని రూపొందించారు. పొడవు సుమారు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ముందుభాగం మొనదేలకుండా చదునుగా ఉండటం దీని గుర్తు. 15 ఏళ్ల వయసు వరకు పిల్లలు ఒంటరిగా దీనిని నడుపుతారు.

తరువాతి మెట్టు లేజర్. 2019 నుంచి ఈ తరగతిని ఐఎల్‌సీఏ పేరుతో వ్యవహరిస్తున్నారు. 4.23 మీటర్ల పొడవుండే ఒకే పడవకు మూడు పరిమాణాల తెరచాపలు బిగించవచ్చు. సుమారు 4.7 చదరపు మీటర్ల తెరచాప ఐఎల్‌సీఏ 4 కు, 5.76 చదరపు మీటర్లది ఐఎల్‌సీఏ 6 కు, 7.06 చదరపు మీటర్లది ఐఎల్‌సీఏ 7 కు వాడతారు. శరీర బరువు పెరిగేకొద్దీ పడవ మార్చకుండా తెరచాప మార్చుకోవచ్చు. పురుషులు ఐఎల్‌సీఏ 7 లో, మహిళలు ఐఎల్‌సీఏ 6 లో ఒలింపిక్స్‌లో తలపడతారు. ఇద్దరు కలిసి నడిపే 420, 470 తరగతి పడవలు కూడా ఉన్నాయి. వీటిలో ఒకరు చుక్కాని పడితే, మరొకరు పడవ ఒరిగిపోకుండా తీగకు వేలాడుతూ నీటిపైకి వంగి నిలుస్తారు.

ఒక తరగతిలో పోటీపడే పడవలన్నీ ఒకే కొలతలతో ఉండాలన్నది నిబంధన. అందువల్ల ఖరీదైన పడవ కొన్నవారికే గెలుపు అన్న మాటకు తావు తక్కువ.

ఐదు నిమిషాల లెక్క

పరుగు పందెంలో వలె సెయిలింగ్‌లో గీత మీద కదలకుండా నిలబడటం కుదరదు. గాలిలో పడవ ఆగదు. అందుకే ప్రారంభానికి ఐదు నిమిషాల ముందు నుంచి లెక్క మొదలవుతుంది. అధికారుల పడవకు, ఒక బోయాకు మధ్య ఊహాగీత ఉంటుంది. ఐదు నిమిషాలు ఉందనగా శబ్దంతో పాటు ఆ తరగతి జెండా ఎగురుతుంది. నాలుగు నిమిషాలప్పుడు సన్నాహక జెండా ఎక్కుతుంది. ఒక నిమిషం మిగిలిందనగా దిగుతుంది. తరగతి జెండా దిగిన క్షణమే ప్రారంభం. అంతకు ముందే గీత దాటినవారు వెనక్కు వచ్చి మళ్లీ బయలుదేరాలి. ఎక్కువ మంది ఒకేసారి దాటితే ప్రారంభం మొత్తాన్ని రద్దు చేసి మళ్లీ జరుపుతారు. గాలి లేకపోతే ఎర్ర, తెల్ల చారల జెండా ఎగురవేసి వాయిదా వేస్తారు. అప్పుడు గంటల తరబడి ఎదురుచూడక తప్పదు.

గాలికి ఎదురుగా ఏ పడవా నేరుగా పోలేదు. కుడికి కొంత, ఎడమకు కొంత వంకర టింకరగా సాగుతూ పై బోయాను చేరాలి. ఎటు వెళితే మంచి గాలి తగులుతుందో ఊహించడంలోనే సగం పందెం ఉంది. పై బోయాను చుట్టివచ్చాక గాలి వెన్నుదన్నుగా నిలుస్తుంది.

రెండు పడవలు ఎదురుపడితే దారి ఇవ్వాల్సినదెవరో నిబంధనలు చెబుతాయి. కుడివైపు నుంచి గాలి తగులుతున్న పడవకు, ఎడమవైపు నుంచి తగులుతున్న పడవ దారి విడవాలి. తప్పు జరిగిందని తెలిస్తే అధికారి ఈల కోసం ఎదురుచూడకుండా క్రీడాకారుడు తనంతట తానే పడవను రెండు చుట్లు తిప్పి శిక్ష అనుభవించాలి. వివాదం తేలకపోతే ఒడ్డున విచారణ జరుగుతుంది. ప్రమాదంలో ఉన్నవారికి చేతనైన సాయం చేయడం పందెం నిబంధనల్లో మొట్టమొదటిది. అలా ఆగినవారు నష్టపోయిన స్థానానికి పరిహారం కోరవచ్చు.

తక్కువ పాయింట్లకే గెలుపు

ఒక్క పందెంతో విజేత తేలడు. మొదటి స్థానానికి ఒకటి, రెండో స్థానానికి రెండు చొప్పున పాయింట్లు కేటాయిస్తారు. చివరికి మొత్తం తక్కువగా ఉన్నవారే విజేత. నిర్ణీత సంఖ్యలో పందేలు పూర్తయితే అత్యంత నాసిరకం ఫలితాన్ని లెక్కలోంచి తీసివేస్తారు.

ఉదాహరణకు ఆరు పందేల్లో ఒకరు వరుసగా 2, 1, 4, 3, 9, 2 స్థానాల్లో నిలిచారనుకుందాం. 9 తీసివేస్తే మొత్తం 12. మరొకరు 1, 1, 5, 6, 1, 7 స్థానాల్లో నిలిస్తే, 7 తీసివేయగా మొత్తం 14. మూడు పందేల్లో ముందు నిలిచినా రెండో వ్యక్తి వెనకబడ్డాడు. నిలకడకే పెద్దపీట వేసే లెక్క ఇది.

ఒడ్డున సాగే సందడి

నీటిపై గంట పందెం వెనుక ఒడ్డున రోజంతా పని ఉంటుంది. బోయాలు అమర్చేవారు, వచ్చే పడవల వరుస రాసుకునేవారు, రక్షణ పడవలు నడిపేవారు, ఫలితాలు లెక్కగట్టేవారు ఉంటేనే పోటీ. ఈ పనుల్లో సీనియర్ క్రీడాకారులు, తల్లిదండ్రులు, స్వచ్ఛంద కార్యకర్తలు పాలుపంచుకుంటారు. సాయంత్రం పడవలు కడగడం, చిరిగిన తెరచాపలకు అతుకులు వేయడం, తాళ్లు ఆరబెట్టడం పిల్లల వంతు. పడవను భద్రపరచనిదే సాధన ముగిసినట్లు కాదన్నది క్లబ్బుల్లో ఆనవాయితీ.

పందెం ముగిశాక చాయ్ తాగుతూ ఎవరు ఎక్కడ మలుపు తిరిగారో చర్చించుకోవడమే సగం శిక్షణ. బహుమతి ప్రదానోత్సవాలు, ఇతర రాష్ట్రాల జట్లతో కలిసి భోజనాలు, కొత్త సభ్యుల పరిచయాలు పోటీల కాలానికి పండుగ వాతావరణం తెస్తాయి. ఊరు, భాష, ఆర్థిక స్థితి వేరైన పిల్లలు ఒకే బంతిలో కూర్చునే సందర్భాలివి.

పేదింటి పిల్లలకూ చోటు

సెయిలింగ్ సంపన్నుల వినోదమన్న అభిప్రాయం ఇప్పటికీ బలంగానే ఉంది. పడవ, తెరచాప, ప్రయాణం అన్నీ ఖర్చుతో కూడినవే. కానీ క్లబ్బు పడవలు సమకూర్చి శిక్షణ ఇస్తే ఆ అడ్డుగోడ కూలుతుందని హైదరాబాద్ అనుభవం చెబుతోంది. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ నిరుపేద కుటుంబాల పిల్లలకు, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు శిక్షణ ఇస్తోంది. వారిలో పలువురు జాతీయ పోటీల్లో పతకాలు సాధించారు.

సముద్రం లేకపోవడం లోటు కాదనడానికి భోపాల్ మరో నిదర్శనం. అక్కడి పెద్ద చెరువుపై నేషనల్ సెయిలింగ్ స్కూల్‌లో తర్ఫీదు పొందిన రైతుబిడ్డ నేహా ఠాకూర్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బాలికల ఐఎల్‌సీఏ 4 విభాగంలో రజతం గెలుచుకుంది. అవే క్రీడల్లో సైన్యానికి చెందిన విష్ణు శరవణన్ ఐఎల్‌సీఏ 7 లో కాంస్యం సాధించాడు. తెలుగు యువతులు మహాసముద్రాలనూ దాటారు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఐఎన్‌ఎస్‌వీ తారిణిపై భూగోళాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి.ఐశ్వర్య ఉన్నారు.

నీరు బాగుంటేనే

ఈ క్రీడకు గాలి ఎంత ముఖ్యమో నీరూ అంతే. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల ద్వారా దశాబ్దాలుగా మురుగు నీరు సరస్సులో కలుస్తూ వచ్చింది. పారిశ్రామిక వ్యర్థాల భారం దీనికి అదనం. ఆక్రమణలు, పూడిక వల్ల సరస్సు విస్తీర్ణం మునుపటి కంటే కుంచించుకుపోయింది. జపాన్ రుణ సాయంతో 2006లో సరస్సు, పరీవాహక ప్రాంత అభివృద్ధి పథకం చేపట్టారు. నాలాల నీటిని మళ్లించడం, శుద్ధి కేంద్రాల ఏర్పాటు, పూడికతీత అందులో భాగం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను హుస్సేన్‌సాగర్‌లో నిమజ్జనం చేయరాదని 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ఆదేశించగా, ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు సడలింపు ఇచ్చింది.

క్రీడాకారులకు ఇది దూరపు సమస్య కాదు. బోల్తా పడటం ఈ ఆటలో నిత్యకృత్యం. పడిన ప్రతిసారీ పిల్లలు ఆ నీటిలోనే మునిగి లేస్తారు. చుక్కానికి గుర్రపుడెక్క తీగ చుట్టుకున్నా, పడవ అడుగున ప్లాస్టిక్ సంచి తగులుకున్నా వేగం పడిపోతుంది. చేతికందిన పందెం చేజారుతుంది. అందుకే పోటీలకు ముందు చెత్త, కలుపు తొలగించడం అత్యవసర పనిగా మారింది. సాధన ముగియగానే మంచినీటితో శుభ్రంగా స్నానం చేయడం, గాయాలుంటే నీటిలో దిగకపోవడం తప్పనిసరి జాగ్రత్తలు.

చేరదలచినవారికి

శిక్షణలో చేరే పిల్లలకు ఈత వచ్చి ఉండటం మేలు. నీటిపై ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ విప్పకూడదు. రక్షణ పడవ అందుబాటులో లేని చోట పిల్లలను సాధనకు పంపరాదు. చూడదలచినవారికి జులై, ఆగస్టు నెలలు అనువైనవి. నెక్లెస్ రోడ్డు, సంజీవయ్య పార్కు వైపు నుంచి పందేలు కనిపిస్తాయి. ముందున్న పడవే గెలుస్తోందని తొందరపడి తేల్చరాదు. గాలి మళ్లితే వెనకున్నది ముందుకు రావడానికి నిమిషం చాలు.

గాలిని తెచ్చేది రుతుపవనం. అది ఏటా తనంతట తానే వస్తుంది. నీటిని కాపాడుకోవలసింది మాత్రం నగరమే. సరస్సు శుభ్రంగా ఉన్నన్నాళ్లే పేదింటి బిడ్డ చేతిలో చుక్కాని నిలుస్తుంది.