మాయ

“బిడ్డ వచ్చేసింది, మాయ ఇంకా పడలేదు.” కాన్పు గది మాట ఇది, ఈ మాయకు గారడీతో పనిలేదు. కొన్నిచోట్ల మావి అంటారు. పుస్తకాల్లోని జరాయువు ఊళ్లో వినిపించదు.

“పడటం” భలే సరిపోయింది. కాన్పయ్యాక గర్భసంచి బిగుసుకుంటే అంటుకున్న చోటు కుంచించుకుపోయి మాయ ఊడుతుంది, సాధారణంగా 30 నిమిషాల్లోపే. కండరం నీరసించినా, ఊడినది వచ్చేలోపు గర్భాశయ ముఖద్వారం మూసుకున్నా లోపలే నిలుస్తుంది. అసలు ప్రమాదం వేరే: పాత సిజేరియన్ మచ్చ దగ్గర మాయకూ కండరానికీ మధ్య ఉండాల్సిన పొర లోపిస్తే మాయ నేరుగా కండరంలోకే వేళ్లూనుకుంటుంది. బలవంతంగా లాగితే రక్తస్రావం ప్రాణం మీదికి తెస్తుంది.

పాడిరైతుదీ ఇదే మాట, “గేదె మాయ వేయలేదు” అని. అక్కడ సెలీనియం, విటమిన్-ఇ లోపమూ ఒక కారణం.