ఆకుపచ్చ రంగు వేసిన చోటు

ప్రత్యేక సంచికకు మన నగర చరిత్ర మీద ఏదైనా వ్రాయమని సంఘం కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, "నేను చరిత్రకారుణ్ణి కాదండీ, నక్షలు గీసినవాణ్ణి" అన్నాను. "అయితే ఆ నక్షల చరిత్రే వ్రాయండి" అన్నారు. పెద్దల మాట కాదనలేక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. తప్పులుంటే మిత్రులు మన్నించాలి.

1969లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. 2003లో పదవీ విరమణ చేశాను. ఏ కార్యాలయమన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆ రోజుల్లో కంప్యూటర్లు లేవు. డ్రాయింగు బోర్డు, టీ-స్క్వేర్, ట్రేసింగు కాగితం, ఇండియన్ ఇంకు, రంగుల డబ్బా, ఇవే మా ఆస్తి. నక్షలో ఏ చోటుకు ఏ రంగు వేయాలో ఒక కట్టుబాటు ఉంది. నివాసాలకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, కార్యాలయాలకూ బడులకూ ఎరుపు. పార్కులకూ ఆటస్థలాలకూ ఆకుపచ్చ.

నా ఉద్యోగ కాలంలో ఒక సంగతి గమనించాను. పసుపు రంగు వేసే స్థలాన్ని అందరూ ముందుగా చూసుకునేవారు. ఆకుపచ్చ మాత్రం ఎప్పుడూ చివరికే వచ్చేది. ప్లాటుకు పనికిరాని మూల, బండరాళ్ళున్న చోటు, హైటెన్షన్ తీగల కింది ముక్క, అలా మిగిలినదే పార్కు. అయితే హైదరాబాదు చరిత్రలో ఈ లెక్క తలకిందులైన సందర్భం ఒకటుంది. మొదట ఆ కథ చెప్పాలి.

మూసీ నేర్పిన పాఠం

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది బ్రతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును మనలో చాలామంది చూసే ఉంటారు, వైద్యం కోసం వెళ్ళినప్పుడైనా.

మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వారు నగరంలో కూర్చుని నది గోడలు ఎంత ఎత్తున కట్టాలని మాత్రమే లెక్క వేయలేదు. నీరు ఎక్కడనుంచి వచ్చిందో వెనక్కు వెళ్ళి చూశారు. ఎగువన పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉంటే, వాటిలో 221 తెగాయని తేల్చారు. నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలని సూచించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం గండిపేట నీళ్ళని గొప్పగా చెప్పుకునేది ఆ ఉస్మాన్‌సాగర్ నీళ్ళనే.

అందరికీ తెలిసిన కథ అంతవరకే. తెలియవలసింది ఇంకొకటుంది. నగరం లోపల నది ఒడ్డులను తిరిగి ఇళ్ళతో నింపకుండా తోటలుగా, జనం నడిచే బాటలుగా తీర్చిదిద్దాలని కూడా విశ్వేశ్వరయ్యగారు సూచించారు. 1912లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ నగరాభివృద్ధి మండలిని ఏర్పాటు చేశారు. ఇరుకు సందులను వెడల్పు చేయడం, మురికివాడల స్థానంలో ఇళ్ళు కట్టించడంతోపాటు నది ఒడ్డును బాగుచేసే పని కూడా సాగింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ వంటి గంభీరమైన భవనాలు ఆ ఒడ్డునే లేచాయి.

ఇందులో నాకు నచ్చినది సౌందర్యం కాదు, వరస. ముందు నీటికి చోటు, ఆపైన నడిచేవాడికి దారి, ఆ తరువాతే కట్టడాలు. ఆకుపచ్చ రంగు ముందు వేసి, పసుపు తరువాత వేసిన నక్ష అది. పదిహేను వేల ప్రాణాలు పోతేగాని ఆ వరస ఎవరికీ తోచలేదన్నది వేరే మాట.

బాగెఆం నుంచి ఇందిరా పార్కు దాకా

నా చిన్నతనంలో హైదరాబాదులో పార్కు అంటే పబ్లిక్ గార్డెన్స్. పెద్దవాళ్ళు బాగెఆం అనేవారు. పేరులోనే ఉంది, అది అందరి తోట అని. శాసనసభ భవనం, జూబిలీ హాలు, మ్యూజియం దాని చుట్టూనే ఉన్నాయి. జంతుప్రదర్శనశాల కూడా మొదట అక్కడే ఉండేది. మా నాన్నగారి భుజం మీద కూర్చుని నేను మొదటిసారి పులిని చూసింది అక్కడే. నగరం పెరిగి జంతువులకు చోటు చాలక, 1963లో మీరాలం చెరువు పక్కన నెహ్రూ జూలాజికల్ పార్కు ప్రారంభించి అక్కడికి తరలించారు.

1975లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌గారు ఇందిరా పార్కుకు శంకుస్థాపన చేశారు. 76 ఎకరాల ఆ పార్కు 1978లో తెరిచారు. మన సంఘం మిత్రులకు దాని పక్క రోడ్డు బాగా పరిచయం. డి.ఎ. బకాయిల కోసం, పెన్షన్ సవరణ కోసం గొడుగులు వేసుకుని కూర్చున్నది అక్కడే కదా! నినాదాలు అయ్యాక లోపలికి వెళ్ళి చెట్టు కింద టిఫిను డబ్బాలు విప్పుకున్నవాళ్ళం మనం.

అదే 1975లో నగరాభివృద్ధి సంస్థ హుడా ఏర్పడింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు, 1994లో లుంబినీ పార్కు, ఆ తరువాత నెక్లెస్ రోడ్డు వచ్చాయి. ఇవన్నీ పెద్ద పార్కులు, బస్సెక్కి వెళ్ళవలసినవి. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళకూ, బడి నుంచి వచ్చిన పిల్లలకూ కావలసినది ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగే చోటు. అది కాలనీ నక్షలో ఉండాలి. నా కథ అక్కడ మొదలవుతుంది.

నా చేతి మీదుగా జరిగినది

లేఅవుట్ మంజూరు చేసేటప్పుడు మొత్తం స్థలంలో ఇంత వంతు ఖాళీగా విడవాలని నిబంధన. మా రోజుల్లో పదో వంతు లెక్క చూసేవాళ్ళం. రోడ్లనూ ఆ ఖాళీ స్థలాన్నీ గిఫ్టు డీడు ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. అలా అప్పగించాక అది ప్లాట్లు చేసినవాడిది కాదు, ప్లాట్లు కొన్నవాళ్ళందరిదీ.

1983లో నగర శివారున ఒక లేఅవుట్ నా బల్ల మీదికి వచ్చింది. సర్వేకు నేనూ వెళ్ళాను. గొలుసు పట్టిన చైన్‌మన్ నాకంటే పదేళ్ళు చిన్నవాడు, చురుకైన మనిషి. ఆ స్థలం మధ్యగా ఒక నాలా పోతుంది, చివర చెరువు. నేను నాలాకు రెండు పక్కలా కొంత చోటు విడిచి, కాలనీ మధ్యలో పార్కు చూపించి, అక్కడి నుంచి నాలా గట్టు మీదుగా చెరువు కట్ట దాకా కాలిబాట గీశాను. ఆకుపచ్చ రంగు కలిపి, ఎక్కడా గీత దాటకుండా వేశాను. సంతోషంగా వేశానని ఇప్పటికీ గుర్తు.

రెండు నెలలకు "సవరించిన లేఅవుట్" అని ఫైలు తిరిగి వచ్చింది. మధ్యనున్న పార్కు చోట ప్లాట్లు. పార్కు తూర్పు మూలకు, తీగల కిందికి పోయింది. విస్తీర్ణం లెక్క సరిపోయింది, నిబంధన ప్రకారం తప్పు పట్టడానికి లేదు. కాలిబాట మాత్రం పూర్తిగా లేదు. నాలా ఒక సన్నని గీత అయింది. "ట్రేస్ చేసి ఇవ్వండి, అర్జంటు" అన్నారు. ఫైలులో అభ్యంతరం వ్రాసే హక్కు నాకుంది. ఒక పేరా చాలు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, బదిలీ భయం, మనకెందుకులే అన్న ఆలోచన. ట్రేస్ చేసి, కింద పొట్టి సంతకం పెట్టాను.

2000 ఆగస్టులో హైదరాబాదులో కుండపోత వాన కురిసి ఎన్నో బస్తీలు మునిగాయి. ఆ వారం ఆ చైన్‌మన్ సెలవు పెట్టాడు. తరువాత తెలిసింది, ఆ లేఅవుట్‌లోనే వంద గజాలు కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాడని. చూడడానికి వెళ్ళాను. ఇంట్లో నడుము లోతు నీళ్ళు నిలిచి తీశాయి. గోడ మీద మట్టి చార ఉంది. బియ్యం డ్రమ్ము, పిల్లల పుస్తకాలు ఎండలో పెట్టి ఉన్నాయి. నాలా గట్టు ఉండవలసిన చోట ఎవరిదో ప్రహరీ గోడ.

ఆయన నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి, చాలాసేపటికి అన్నాడు: "సార్, మీరు గీసిన మొదటి నక్షల ఈడ తొవ్వ ఉండె గదా. గొలుసు నేనే పట్టిన."

నిష్ఠూరంగా అనలేదు. గుర్తు చేసుకున్నాడు, అంతే. నేను బదులు చెప్పలేకపోయాను. ఆ సవరణ ఎవరు చేయించారో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కింద పొట్టి సంతకం ఎవరిదో మాత్రం తెలుసు.

నడిచేవాళ్ళే కాపలాదార్లు

ఆ తరువాత నేను పార్కులను వేరే దృష్టితో చూడడం మొదలుపెట్టాను. ఏది నిలిచింది, ఎందుకు నిలిచింది అని.

జూబిలీహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ ఆవరణను 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డిగారి పేరు పెట్టారు. సుమారు 390 ఎకరాలు. నెమళ్ళున్న అడవి, దాని చుట్టూ జనం నడిచే బాట. 2016లో వంతెనల నిర్మాణానికి ఆ చుట్టుపక్కల చెట్లు కొట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, అక్కడ రోజూ నడిచేవాళ్ళు బయటికి వచ్చి మానవహారం కట్టారు. వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. రోడ్లా చెట్లా అన్న ఆ వాదన తరువాతి ఏళ్ళలోనూ సాగుతూ వచ్చింది. వాహనాల రద్దీ కూడా నిజమే, కాదనను. కాని అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టే అక్కడ వాదన అన్నది ఉంది. మా లేఅవుట్‌లో అడిగేవాడే లేడు.

బెంగుళూరులో రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రి కట్టుకోవడానికి ఇచ్చారు. కాలనీవాసులు కోర్టుకు వెళ్ళారు. ఆసుపత్రి కూడా మంచి పనే కదా అన్న వాదన వచ్చింది. 1991లో సుప్రీం కోర్టు కాలనీవాసుల పక్షాన తీర్పు చెప్పింది. పార్కుకు ఉంచిన చోటు పార్కుగానే ఉండాలనీ, దానికోసం పోరాడే హక్కు అక్కడి నివాసులకు ఉందనీ చెప్పిన తీర్పు అది.

ఒకదానికొకటి కలిపే దారి

2006లో మా అమ్మాయి దగ్గరికి బోస్టన్ వెళ్ళి మూడు నెలలు ఉన్నాను. అక్కడ ఓమ్‌స్టెడ్ అనే ఉద్యాన శిల్పి 1878 ప్రాంతం నుంచి పనిచేసి, పార్కులన్నిటినీ ఒక పచ్చల హారంలా కలిపాడు. మురుగుతో, పోటు నీటితో కంపుకొట్టే చిత్తడి నేలను బాగుచేయడంతో ఆ పని మొదలైందని తెలిసి ఆశ్చర్యపోయాను. నీటికి చోటు, దాని గట్టున నడకదారి. విశ్వేశ్వరయ్యగారు మూసీకి చెప్పినదీ, ఒక చిన్న డ్రాఫ్ట్స్‌మన్ 1983లో గీసినదీ అదే కదా అనిపించింది. గొప్ప చెప్పుకోవడం లేదు. ఆ ఆలోచనకు పెద్ద చదువు అక్కరలేదని చెబుతున్నాను.

మన నగరం ఆగలేదు. సుమారు 172 చదరపు కిలోమీటర్ల కార్పొరేషను 2007లో 12 మునిసిపాలిటీలను కలుపుకుని సుమారు 625 చదరపు కిలోమీటర్ల గ్రేటర్ అయింది. ఆ తరువాతా పెరుగుతూనే వచ్చింది. 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. మంచిదే. 2020 అక్టోబరు వానల్లో మళ్ళీ కాలనీలు మునిగాయన్నది కూడా అదే నగరం కథ.

మనం చేయగలిగినది

మిత్రులారా, మనకు రెండు బలాలున్నాయి. ఒకటి తీరిక, రెండు ఫైలు చదవడం. మీ కాలనీ మంజూరైన లేఅవుట్ నకలు తెప్పించుకోండి. అడిగితే ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. అందులో ఖాళీ స్థలం ఎన్ని గజాలో, గిఫ్టు డీడు నంబరు ఎంతో చూడండి. నాలా ఎటు పోతుందో చూడండి. ఆ నకలు పట్టుకుని వెళ్ళి ఆ చోట నిలబడండి. పార్కు లేకపోయినా ఫరవాలేదు, రోజూ సాయంత్రం నలుగురు కలిసి అక్కడ నడవండి. మనుమలను ఆడుకోనివ్వండి. జనం తిరిగే చోట గోడ కట్టడానికి ఎవరైనా కొంచెం జంకుతారు.

మా కాలనీలో ఆరు వందల గజాల ముక్క ఒకటి అలాగే మిగిలింది. తెల్లవారి ఏడుగురం నడుస్తాం. వారిలో ఆ చైన్‌మన్ కూడా ఉన్నాడు. ఇప్పుడు కొడుకు దగ్గర, మా పక్క వీధిలోనే ఉంటున్నాడు. ఎన్ని అడుగులు వేశామో ఆయనే లెక్కపెడతాడు. గొలుసు పట్టిన చెయ్యి కదా, లెక్క తప్పదు.

సెలవు.