అపు గొంతు ఎవరిది? ఒక తెలుగు కమెడియన్ అడిగిన ప్రశ్న

మన జంగారెడ్డిగూడెం నుంచి అమెరికా వెళ్లిన అన్నయ్యో అక్కో మీకు తెలిసే ఉంటారు. ఒకప్పుడు అక్కడ మనవాళ్లని ఏడిపించాలంటే ఒక కార్టూన్ గొంతు చాలు. ఈరోజు ఆ గొంతు కథ చెప్పుకుందాం.

'ది సింప్సన్స్' 1989లో మొదలైన కార్టూన్ కామెడీ సీరియల్. 1990 ఫిబ్రవరిలో అందులోకి అపు వచ్చాడు. కొట్టు నడిపే ఇండియన్. పేరు సత్యజిత్ రే సినిమాల్లోది. ఇంటిపేరేమో నహాసపీమాపెటిలాన్! ఎప్పుడైనా విన్నారా? గొంతు మాత్రం హాంక్ అజారియా అనే తెల్లాయనది. 1968 నాటి 'ది పార్టీ' సినిమాలో పీటర్ సెల్లర్స్ ఇండియన్‌గా నటించాడు కదా, ఆ యాస నుంచే తీసుకున్నానని అజారియానే చెప్పాడు. సెల్లర్స్ కూడా ఇంగ్లీషోడే. అంటే ఇది నకలుకి నకలు.

అపు చెడ్డోడా? కాదు. కష్టపడతాడు, పీహెచ్‌డీ చేశాడు. 1996లో ఒక ఎపిసోడ్ వలస వచ్చినవాళ్ల పక్షానే నిలబడింది, అందులో అపుకి అమెరికా పౌరసత్వం కూడా వస్తుంది. మరి బాధేంటి? అప్పట్లో అక్కడి టీవీలో మనవాళ్లంటే దాదాపు అతనొక్కడే. అందుకే స్కూల్లో ప్రతి ఇండియన్ పిల్లాడూ 'అపు' అయిపోయాడు.

ఈ మాటని గట్టిగా అడిగింది హరి కొండబోలు. న్యూయార్క్‌లో పెరిగిన తెలుగింటి కమెడియన్. ఆ సీరియల్ అంటే తనకి ప్రాణం, అయినా అడిగాడు. 2017 నవంబర్లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీశాడు.

2018 ఏప్రిల్ 8న సీరియల్ జవాబిచ్చింది. ఆ ఎపిసోడ్లో మార్జ్ తన చిన్నప్పటి పుస్తకం కూతురు లీసాకి చదవబోతే, అందులో అంతా జాతుల్ని కించపరిచే మాటలే. అవన్నీ దిద్దితే కథ చప్పగా అయిపోతుంది. అప్పుడు లీసా మనవైపు తిరిగి, ఒకప్పుడు చప్పట్లు కొట్టించుకున్నది ఇప్పుడు తప్పంటే ఏం చేస్తాం అన్నట్టు మాట్లాడుతుంది. పక్కనే అపు ఫొటో! చాలామందికి కోపం వచ్చింది. ఎందుకంటే హరి అడిగిందొకటి, వాళ్లు చెప్పిందొకటి.

కానీ అదే నెలలో అజారియా, పక్కకి తప్పుకోవడానికి నేను రెడీ అన్నాడు. 2020లో ఆ గొంతు ఆపేశాడు. 2021లో క్షమాపణ చెప్పాడు.

సరే, ఇప్పుడు మన సంగతి. శ్రీకాకుళం యాసని, తెలంగాణ యాసని మన సినిమాలు ఎన్నేళ్లు కామెడీకీ రౌడీలకీ వాడుకున్నాయి? మనమూ పడీపడీ నవ్వాం కదా! నవ్వడం తప్పని హరి అనలేదు. ఆ గొంతు ఎవరిదో వాళ్లని కూడా మాట్లాడనివ్వండి అన్నాడు, అంతే.