కీలు, చీల, కీలకం
గోదావరిఖనిలో బొగ్గు లారీ నడిపే మా పక్కింటాయన మొన్న ఇంటి ముందే బండి కింద దూరి టైరాడ్ ఎండ్లు మారుస్తూ, "కీళ్లు అరిగినయన్నా, స్టీరింగ్ ఊగుతున్నది" అన్నాడు. ఒంటి మాటను యంత్రానికి అరువిచ్చాడనుకున్నాను. చూస్తే ఆ మాట పుట్టిందే పనిముట్ల దగ్గర. సంస్కృతంలో కీలమంటే మేకు. మన చీల దాని చుట్టమే. తెలుగులో కీలు తలుపు బందు అయింది, మోకాలి జాయింటు అయింది, యంత్రపు మర్మమూ అయింది. మర తిప్పితే ఎగిరేది కీలుగుర్రం. 1949లో ఆ పేరుతో సినిమా వచ్చింది. దారం లాగితే ఆడేది కీలుబొమ్మ. గుట్టు తెలిసి కొట్టడం కీలెరిగి వాత పెట్టడం. ఇవాళ పత్రికల్లో ప్రతి సమావేశమూ 'కీలక' సమావేశమే. అసలు కీలకం కదలకుండా పట్టి ఉంచే మేకు. అలాంటి మేకును మా పక్కింటాయన చేతిలో చూశాను. రబ్బరు తొడుగు చిరిగి, దుమ్ము చేరి, గ్రీజు ఎండిన పాత ఎండ్‌ను చుట్లు లెక్కపెడుతూ విప్పాడు, కొత్తదాన్ని అన్నే చుట్లు తిప్పాడు, నట్టు వదులు కాకుండా కొత్త స్ప్లిట్ పిన్ను దూర్చి కొసలు వంచాడు. టన్నుల బొగ్గు మోసే బండిని దారి తప్పకుండా పట్టి ఉంచేది ఆ చిన్న చీల. కీలకమనే మాట దానికే తగును.