బొగ్గు మంటతో ప్లాస్మా: సర్కారు పైసలు ఎక్కడ పండాయి?

మా నస్పూర్‌లో చాలా ఇళ్లల్లో బాయి పనితోనే పొయ్యి వెలిగింది. మన బొగ్గు ఏం చేస్తుంది? నీళ్లను మరిగిస్తుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, కరెంట్ వస్తుంది. పక్కన జైపూర్ ప్లాంట్‌లో జరిగేది ఇదే. కానీ ఈ దారిలో బొగ్గు వేడి సగానికి పైగా వృథా.

మరి టర్బైన్ లేకుండా కరెంట్ తీయొచ్చా? మన దేశం ట్రై చేసింది. మంటను 2,000 డిగ్రీలు దాటించి, కొంచెం పొటాషియం కలిపితే, దాని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడొస్తాయి. అదే ప్లాస్మా. దాన్ని పెద్ద అయస్కాంతం మధ్యలోంచి వేగంగా పంపితే నేరుగా కరెంటే. దీని పేరు ఎంహెచ్‌డీ. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ డబ్బుతో, సోవియట్ సాయంతో, బార్క్, బీహెచ్‌ఈఎల్ కలిసి తిరుచిరాపల్లిలో 1980ల్లో పైలట్ ప్లాంట్ నడిపాయి. ఆ వేడికి, ఆ పొటాషియంకి ఎలక్ట్రోడ్లు ఎక్కువ కాలం ఆగకపోవడం ప్రపంచమంతా ఉన్న తలనొప్పే. ఈలోపు గ్యాస్ టర్బైన్లు మెరుగయ్యాయి. ఎంహెచ్‌డీ మన ఊళ్లదాకా రాలేదు.

అంటే డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరేనా? ఆగండి. అదే శాఖ 1982లో అహ్మదాబాద్‌లో ప్లాస్మా ఫిజిక్స్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. ప్రిన్స్‌టన్ నుంచి తిరిగొచ్చిన పి.కె. కావ్ దాన్ని నడిపారు. 1986కి అది సొంత సంస్థ అయింది. 1989లో ఆదిత్య టోకమాక్ పనిచేసింది. 1995లో అణుశక్తి శాఖ కిందికి వెళ్లింది. ఫ్యూజన్ కరెంట్ ఇంకా రాలేదు, నిజమే. కానీ 1997లో ఆ సంస్థ కిందే పరిశ్రమల కోసం ఒక కేంద్రం పెట్టారు. ఆసుపత్రి చెత్తను ప్లాస్మా వేడితో విడగొట్టడం, లోహపు పార్టుల పైపొరను గట్టిపరచడం దాని పనులు. 2005లో ఇండియా ఐటర్‌లో చేరింది. మన హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ కూడా ప్లాస్మా కోటింగ్‌లు చేస్తుంది.

నాకు అర్థమైంది ఒకటే. ఒక్క మిషన్ మీద పెట్టిన డబ్బు ఆ మిషన్‌తోనే ఆగిపోయింది. ఫిజిక్స్, మెటలర్జీ, ఎలక్ట్రికల్, వాక్యూమ్ తెలిసినవాళ్లను ఒక్క చోట కూర్చోబెట్టి, ఏళ్ల తరబడి ఓపిక పట్టిన డబ్బు మాత్రం అనుకోని చోట పండింది.

బొగ్గు మనది. ల్యాబులు అహ్మదాబాద్‌లో, తిరుచ్చిలో, హైదరాబాద్‌లో. బాయిలు మూతపడ్డాక మన ఫిట్టర్లు, వెల్డర్లు, బీటెక్ పిల్లలు ఏం చేయాలి? అలాంటి ల్యాబు ఒకటి గోదావరి ఒడ్డున ఇప్పుడే మొదలవ్వాలి. ఎందుకంటే అహ్మదాబాద్‌లో తొలి అడుగు నుంచి పరిశ్రమల కేంద్రం దాకా పట్టింది 15 ఏళ్లు.