స్నో వైట్‌కి సవతి తల్లి ఎప్పుడొచ్చింది?

పోయిన మార్చిలో రెండు రోజులు అంకాపూర్ వెళ్లాను, మా పుట్టింటికి. పసుపు ఉడకబెట్టే రోజులు కదా, కళ్లం నిండా కొమ్ములు ఆరబోసి ఉన్నాయి, ఇల్లంతా అదే వాసన. మా అమ్మాయి టీవీలో డిస్నీ వాళ్ల పాత ‘స్నో వైట్’ పెట్టుకుంది. సినిమా ఇంగ్లీషులో వస్తోంది. పక్కన కూర్చుని ఎల్లిగడ్డ వలుస్తున్న మా చిన్నమ్మకి నేను తెలుగులో చెప్తున్నాను.

రాణి అద్దం ముందుకి రాగానే పిల్ల అడిగేసింది. “అమ్మా, ఈమె సవతి తల్లి కదా. అమ్మమ్మ కూడా నీకు సవతి తల్లేనా?”

దాని చెవిన ఎవరు వేశారో. నాకు నోట మాట రాలేదు. చిన్నమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు. “అవును బిడ్డా. గట్లనే సూడు, తర్వాత ఏమైతదో” అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ తీసి ఈ కథ ఎక్కడిదో వెతుక్కుంటూ కూర్చున్నాను. ఈ కథలో అసలు సవతి తల్లే లేదట!

జర్మనీలో గ్రిమ్ అన్నదమ్ములు, యాకోబ్, విల్‌హెల్మ్, జనం చెప్పుకునే కథలు పోగుచేసి 1812లో మొదటి పుస్తకం వేశారు. అందులో స్నో వైట్‌ని చంపమన్నది కన్నతల్లే. మంచు మీద మూడు రక్తపు చుక్కలు చూసి ఇలాంటి బిడ్డ కావాలని కోరుకున్న ఆ తల్లే, బిడ్డకి ఏడేళ్లు వచ్చి తనకన్నా అందంగా కనబడగానే వేటగాణ్ణి పిలిచింది. 1819లో రెండోసారి పుస్తకం వేసినప్పుడు తల్లిని పురిట్లోనే చంపేశారు. ఏడాది తిరిగేసరికి రాజు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పాపమంతా ఆ వచ్చినామె నెత్తిన పడింది. పిల్లల్ని అడవిలో వదిలేసే హాన్సెల్, గ్రెటెల్ కథలోనూ అంతే. మొదట కన్నతల్లి, 1840 ముద్రణకల్లా సవతి తల్లి.

పుస్తకం పిల్లలున్న ఇళ్లలోకి వెళ్తోంది. కన్నతల్లి అలా చేస్తుందని ఎలా రాస్తారు? ఈ మార్పులు ఎక్కువగా చేసింది విల్‌హెల్మే. తల్లి పేరు కాపాడాడు, మంచిదే. పురిట్లో ఆడవాళ్లు పోవడం, మగవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోవడం మామూలైన కాలం అది. అలాంటి ఇళ్లలోకి రెండో భార్యగా వచ్చినవాళ్లు ఆ పుస్తకాన్ని పిల్లలకి ఏ గొంతుతో చదివి ఉంటారో.

డిస్నీ ఆ మారిన కథనే తీసుకున్నాడు. 1937 డిసెంబర్ 21న లాస్ ఏంజెలెస్‌లో మొదటి ఆట. అప్పట్లోనే దాదాపు 15 లక్షల డాలర్ల ఖర్చు, అంత పొడుగు బొమ్మల సినిమా ఎవరు చూస్తారని నవ్వారట. గ్రిమ్ కథలో రాణి మూడుసార్లు వస్తుంది: నడుముకి బిగించే తాడు, విషపు దువ్వెన, ఆపిల్. సినిమాలో ఆపిల్ ఒక్కటే మిగిలింది. ఒక్కో బొమ్మనీ సెల్యులాయిడ్ మీద ఇంకుతో దిద్ది రంగులు వేసింది ఆడవాళ్లు, బొమ్మలు గీసే పని దాదాపు అంతా మగవాళ్లది. (మా దగ్గర పసుపు కొమ్ములు విరిచేది ఆడవాళ్లు, కాంటా దగ్గర నిలబడేది మగవాళ్లు. ఏ దేశమైనా ఒకటే.) అంటే ఆ రాణి నల్లముసుగుకీ కిరీటానికీ రంగు వేసింది కూడా ఆడవాళ్లే. ఇంతకీ తండ్రి ఏడి? సినిమా మొత్తంలో ఎక్కడా కనబడడు.

మనమేం తక్కువ తినలేదు. మన బాలనాగమ్మ కథ చూడండి. 1942లో జెమిని వాళ్లు కాంచనమాలతో సినిమా తీశారు, 1959లో ఎన్టీఆర్, అంజలీదేవితో మళ్లీ వచ్చింది. మాయల మరాఠీ అందరికీ గుర్తుంటాడు. కానీ కథ మొదట్లో ఏముంది? ఏడుగురు ఆడపిల్లలు, తల్లి చనిపోతుంది, రాజు రెండో పెళ్లి చేసుకుంటాడు, ఆమె మాట విని పిల్లల్ని అడవిలో వదిలేస్తాడు.

ఈ ముక్క నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా తెలీదు. మా అమ్మ పోయినప్పుడు నాకు మూడేళ్లు. చిన్నమ్మ వచ్చాక రోజూ రాత్రి బాలనాగమ్మ కథ చెప్పేది, నేను అదే కావాలని ఏడ్చేదాన్ని. ఆమె చెప్పే కథలో సవతి తల్లి లేదు. తర్వాత ఊళ్లో బుర్రకథ విన్నప్పుడు ఆ రాణి వచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నా వంక చూసి “అయ్యో బిడ్డ” అన్నారు. ఇంటికొచ్చి చిన్నమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. అబద్ధం చెప్పిందని కోపం. ఎందుకు అలిగానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మూడో రోజు నాకు జడ వేసి బడికి పంపింది.

ఇన్నేళ్ల తర్వాత, విల్‌హెల్మ్ గురించి చదువుతుంటే ఆ రెండు రోజులు గుర్తొచ్చాయి. అక్షరం రాని మా చిన్నమ్మ కూడా కథ దిద్దింది. అప్పటికి ఆమెకి ఇరవై కూడా నిండలేదు.

మర్నాడు రాత్రి కరెంటు పోయింది. వాకిట్లో మంచం మీద పిల్ల ఆమె పక్కన చేరి కథ చెప్పమంది. నేను లోపల గిన్నెలు సర్దుతూ విన్నాను.

“అమ్మమ్మా, పిల్లలు అడవికి ఎందుకు పోయిండ్రు?”

“కరువొచ్చింది బిడ్డా. పండ్ల కోసం పోయి తప్పిపోయిండ్రు.”

గిన్నెల చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాను.