లేసు అల్లిన చేతులకు ఫోటో ఏదీ? ఫ్యాషన్ ఫోటోగ్రఫీ చరిత్ర మీద సఖినేటిపల్లి వైపు నుంచి ఒక చూపు

ఫ్యాషన్ ఫోటోగ్రఫీ చరిత్ర అంటే పారిస్‌తో మొదలుపెట్టి న్యూయార్క్‌తో ముగించడం అలవాటైపోయింది. ఏ పత్రిక, ఏ ఫోటోగ్రాఫరు, ఏ గౌను అన్న లెక్కలన్నీ అందులో ఉంటాయి. ఆ బట్ట నేసినవాళ్లు, లేసు అల్లినవాళ్లు ఉండరు. ఆ బట్ట కట్టుకోడానికి హక్కే లేనివాళ్ల సంగతి అసలే ఉండదు. మేం ఈ చరిత్రను సఖినేటిపల్లి రేవు నుంచి చూడదలుచుకున్నాం. వశిష్ఠ గోదావరి దాటితే అవతల నర్సాపురం. తరాలుగా పడవల మీదా పంట్ల మీదా రాకపోకలున్న ఈ రెండు ఒడ్ల మధ్య ఫ్యాషన్ చరిత్రలో రాయకుండా వదిలేసిన భాగం ఒకటుంది. ఎవరు ఏ బట్టలో నలుగురికీ కనపడొచ్చన్నది మన దేశంలో అభిరుచి విషయం కాదు, కులం విషయం. కాబట్టి మన ఫ్యాషన్ ఫోటో చరిత్ర కూడా కులంతో మొదలవ్వాలి.

ముందు అందరూ చెప్పే కథ చూద్దాం. కెమెరా 1839లో లోకానికి తెలిసింది. అయితే ఫోటోను ఉన్నదున్నట్టు పత్రికలో అచ్చెయ్యడానికి చుక్కల బ్లాకుల పద్ధతి రావాలి. అది 1880, 90లలో గానీ కుదరలేదు. అందాకా ఫ్యాషన్ పత్రికల్లో వచ్చినవి చేత్తో గీసిన బొమ్మలే. న్యూయార్క్‌లో 1892లో ‘వోగ్’ మొదలైంది. 1909లో కాండే నాస్ట్ దాన్ని కొన్నాడు. పారిస్‌లో 1911లో పాల్ పోయిరే కుట్టించిన గౌన్లకు ఎడ్వర్డ్ స్టైకెన్ తీసిన ఫోటోలను చాలామంది ఈ కళకు మొదలు అంటారు. 1913లో ‘వోగ్’ బారన్ డి మేయర్‌ను ఉద్యోగంలో పెట్టుకుంది. 1933లో మార్టిన్ ముంకాచీ మోడల్‌ను స్టూడియోలోంచి సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి పరుగెత్తించాడు. ఇదంతా నిజమే. అయితే ‘అమెరికన్ వోగ్’ అట్ట మీదికి ఒక నల్లజాతి స్త్రీ, బెవర్లీ జాన్సన్, 1974 ఆగస్టులో గానీ రాలేదు. నల్లజాతి ఫోటోగ్రాఫరు తీసిన అట్టబొమ్మ రావడానికి 2018 దాకా ఆగాలి. అంటే పత్రిక పుట్టాక నూటపాతికేళ్లు దాటింది.

మన దేశంలో అదే కెమెరా రెండు పనులు చేసింది. హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫరు. నవాబుల దర్బారు దుస్తులు, నగలు, కత్తులు ఆయన ఫోటోల్లో వెలిగిపోతాయి. పరదా స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా పెట్టారు. అక్కడ ఫోటో తీయించుకున్నవాళ్లు తమకు నచ్చిన బట్టల్లో, తమ పేరుతో కూర్చున్నారు. రెండో పని చూడండి. 1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు వేసింది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. వాటిలో బొమ్మ కింద చాలాచోట్ల మనిషి పేరుండదు, కులం పేరుంటుంది. రాజు కట్టుకున్నది అలంకారమైంది. మన తాతలు కట్టుకున్నది కులానికి గుర్తయింది. వాళ్లు ఆ బట్ట ఎంచుకుని కట్టారా, అంతకు మించి కట్టనివ్వక కట్టారా అన్న ప్రశ్న ఆ పుస్తకాలు వేసుకోలేదు.

ఊళ్లో నుంచి నడిచేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకోవాలి, పంచె మోకాలి మీదికి ఎగ్గట్టాలి, గొడుగు ముడవాలి అన్న కట్టుబాట్లు మన ముసలివాళ్లకు పుస్తకంలో చదివి తెలిసినవి కావు. అందుకే 1927 డిసెంబరులో మహాడ్‌లో అంబేడ్కర్ ఆడవాళ్లతో మాట్లాడినప్పుడు చీరకట్టు గురించీ నగల గురించీ ప్రత్యేకంగా చెప్పాడు. అంటరానివాళ్లని చూడగానే పోల్చుకునే కట్టునూ, ఆ వెండి కడియాలనూ వదిలెయ్యమన్నాడు. దీన్ని సోకు అనుకుంటే పొరపాటు. కులం ఒంటి మీద రాసిన రాతను చెరిపెయ్యమన్నాడు. గాంధీ 1921లో మదురైలో పైబట్టలు విడిచి కొల్లాయి కట్టాడు. బట్ట ఉన్నవాడు విప్పితే త్యాగమైంది. లేనివాడు తొడిగితే పొగరైంది. కోనసీమ పేటల్లో సూటు, టై, చేతిలో పుస్తకంతో నిలబడ్డ అంబేడ్కర్ బొమ్మను మనం ఇంత ఇష్టంగా ఎందుకు పెట్టుకుంటామో ఇక్కడ అర్థమవుతుంది. అమెరికాలో బానిసగా పుట్టి విముక్తుడైన ఫ్రెడరిక్ డగ్లస్ కూడా పంతొమ్మిదో శతాబ్దంలోనే కోటు తొడుక్కుని, నవ్వకుండా, పదేపదే ఫోటోలు తీయించుకున్నాడు. నల్లవాళ్లను వెక్కిరించే బొమ్మలకు ఆయన ఇచ్చిన జవాబది.

ఇక లేసు సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి ప్రాంతానికి లేసు అల్లకం తెచ్చారు. మొదట నేర్చుకున్నది క్రైస్తవంలోకి వచ్చిన పేద మాల, మాదిగ ఆడవాళ్లు. తర్వాత కాపు స్త్రీలూ పెద్ద ఎత్తున ఈ పనిలోకి వచ్చారు. సరుకు విదేశాలకు పోయింది, వ్యాపారులు లక్షాధికారులయ్యారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1970ల చివర్లో నర్సాపురం వచ్చి ఈ ఆడవాళ్ల మధ్య పనిచేసి 1982లో పుస్తకం వేసింది. రోజంతా అల్లినా రూపాయి కూడా గిట్టని కూలి అని లెక్క తేల్చింది. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసే పని కదా అని వ్యాపారులు దాన్ని పనిగానే ఒప్పుకోలేదని చూపించింది. ఫలానా పత్రికలోని ఫలానా గౌనుకున్న లేసు మనవాళ్లదేనని మేం అనడం లేదు. ఫోటో బట్టను చూపిస్తుంది, చేతిని దాస్తుంది అంటున్నాం. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుక్కి పేరొచ్చింది, మంచిదే. అల్లినవాళ్లకు పేరూ కూలీ ఎప్పుడొస్తాయన్నదే ప్రశ్న.

అయితే మనవాళ్లు ఎప్పుడూ కెమెరాకు చిక్కినవాళ్లే అనుకుంటే చరిత్ర సగమే చెప్పినట్టు. చిన్న ఊళ్లలో ఫోటో స్టూడియోలు వచ్చాక డబ్బులిచ్చి తామే ఫోటో తీయించుకునే రోజొచ్చింది. వెనక తోటో, మేడమెట్లో గీసిన తెర. పక్కన పూలకుండీ, గోడకి అద్దం, పౌడరు డబ్బా, దువ్వెన, ఎవరికైనా సరిపోయే ఒక కోటు. ఊళ్లో తొడిగితే గొడవయ్యే కోటు స్టూడియోలో ఐదు నిమిషాలు తొడుక్కోవచ్చు. ఆ ఐదు నిమిషాలను ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. అంతర్వేది తీర్థం లాంటి చోట్ల తీయించుకున్న ఫోటోలదీ ఇదే కథ. మన పేటల ఫ్యాషన్ ఫోటో ఇదీ. మోడలూ తనే, కొనుక్కునేదీ తనే. బట్ట అమ్మడానికి తీసింది కాదు, మేమూ మనుషులమే అని చెప్పడానికి తీయించుకున్నది.

అక్కడా రంగు పట్టి పీడించింది. నెగెటివ్ మీద టచింగు చేసి ముఖం తెల్లబరచడం స్టూడియో పనిలో భాగమైపోయింది. కలర్ ఫిల్ము వచ్చినా తేడా లేదు. ల్యాబుల్లో రంగులు సరిచూడ్డానికి కోడాక్ కంపెనీ పంపిన నమూనా కార్డుల మీద ఉన్నది చాలా ఏళ్లపాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే ఫోటో సరిగ్గా వచ్చినట్టు. నలుపు సరిగ్గా పడకపోతే అది ఫిల్ము తప్పు కాదు, మన ఒంటి తప్పు అని నమ్మించారు.

తర్వాత గల్ఫ్ దారి తెరుచుకుంది. కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో పనికి వెళ్లినవాళ్లలో దళిత స్త్రీలు ఎంతోమంది. వెళ్లేముందు తీయించుకున్నది పాస్‌పోర్టు ఫోటో. తెల్లటి తెర, నగా నాణ్యం లేదు, నవ్వు లేదు. అదీ ఒక రకంగా థర్‌స్టన్ పుస్తకంలో ఫోటో లాంటిదే, మనిషిని గుర్తుపట్టడానికే తప్ప చూడ్డానికి కాదు. అక్కడి నుంచి ఇంటికొచ్చిన ఫోటోలు వేరు. కొత్త చీర, మెడలో గొలుసు, చేతికి వాచీ. ఆ ఫోటోలో యజమానురాలి వంటిల్లు ఉండదు, పద్దెనిమిది గంటల చాకిరీ ఉండదు. అబద్ధం చెప్పిందని ఆమెను అనగలమా? తన కష్టాన్ని కాక తన గౌరవాన్ని ఇంటికి పంపాలని ఎంచుకుంది, అంతే.

ఉద్యమంలో ఉన్న మిత్రులు కొందరు ఇదంతా మార్కెట్ మోజు, బట్టలతో విముక్తి రాదు అంటారు. రాదు, ఒప్పుకుంటాం. భూమి, కూలి, చదువు లేకుండా కోటు ఒక్కటీ ఏమీ చెయ్యదు. కానీ బట్ట మీద ఆంక్ష పెట్టినప్పుడు అది రాజకీయమై, మనం ఆ ఆంక్ష తెంపినప్పుడు మాత్రం మోజు ఎలా అవుతుంది? గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫోటోగ్రాఫరు 1940లలో ‘వోగ్’కి గౌన్ల ఫోటోలు తీశాడు. 1942లో వాషింగ్టన్ ప్రభుత్వ భవనంలో చీపురు పట్టే ఎల్లా వాట్సన్ ఫోటో తీసిందీ ఆయనే. జెండా ముందు, చీపురుతో, పేరుతో సహా నిలబెట్టాడు. రెండు పనులకూ ఒకే చెయ్యి సరిపోయింది.

ఇప్పుడు చెయ్యవలసింది ఉంది. సెల్‌ఫోన్లు వచ్చాక పాత స్టూడియోలు ఎన్నో మూతపడ్డాయి, నెగెటివ్‌లు చెత్తలో పోతున్నాయి. గోదావరి వరదలకూ, 1996 నవంబరు తుపానులాంటి వాటికీ గోడల మీది ఫ్రేములు నాని పాడయ్యాయి. అగ్రకులాల ఇళ్లకు వంశవృక్షాలున్నాయి, దస్తావేజులున్నాయి. మనకు చాలా ఇళ్లలో ఉన్న దస్తావేజు ఆ ఫోటో ఒక్కటే. సఖినేటిపల్లి, మోరి, అంతర్వేది పేటల్లో చదువుకుంటున్న పిల్లలు, పంతుళ్లు ముందుగా తమ ఇంట్లో ఫోటోతో మొదలుపెట్టాలి. ఇంట్లోవాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే కాపీ తియ్యాలి. వెనక నాలుగు మాటలు రాయాలి. అందులో ఎవరు, ఏ ఏడు, ఎక్కడ తీయించారు, ఆ చీర ఎక్కడిది, ఆ కోటు ఎవరిది. లేసు అల్లిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్లకు నచ్చిన చీరలో, వాళ్లు అల్లిన లేసుతో ఫోటో తీసి, కింద కులం పేరు కాదు, వాళ్ల పేరు రాయండి.